కొత్త హార్డ్‌డిస్క్, పెన్‌డ్రైవ్ కొన్నాక నమ్మే ముందు ఏం చేయాలి?

పాత డ్రైవ్ మీద అనుమానం ఎవరికైనా ఉంటుంది. చాన్నాళ్లు వాడాం, ఎప్పుడో ఒకప్పుడు పోతుందిలే అని అందులో ఉన్నది ఇంకో చోట కూడా పెట్టుకుంటాం. కొత్తదాన్ని మాత్రం డబ్బా చింపిన పది నిమిషాల్లో నమ్మేస్తాం. పెళ్లి వీడియో, పిల్లల ఫోటోలు, పాసుబుక్కు స్కాన్లు, థీసిస్ అన్నీ అందులోకి మార్చేసి, లాప్‌టాప్‌లో చోటు ఖాళీ అయిందని సంతోషపడతాం. కొంప మునిగేది ఇక్కడే. తయారీలో లోపం ఉన్న డ్రైవ్ ఎక్కువగా వాడకం మొదలైన తొలి వారాల్లో, తొలి నెలల్లోనే బయటపడుతుంది. ఆ గండం దాటినవి కొన్నేళ్లు బాగానే నడుస్తాయి, తర్వాత అరిగిపోయే వయసులో మళ్లీ పోవడం మొదలవుతుంది. కాబట్టి కొత్త డ్రైవ్ చేతికొచ్చిన రోజు చేయాల్సింది ఫోటోలు ఎక్కించడం కాదు. దాన్ని ఒకసారి పూర్తిగా నింపి, నింపింది మళ్లీ చదివి చూడడం.

పెద్ద కంపెనీది కొన్నాం కదా అంటారా? 2023లో శాన్‌డిస్క్ ఎక్స్‌ట్రీమ్, ఎక్స్‌ట్రీమ్ ప్రో పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీలలో (తిరిగే పళ్లాలు లేకుండా చిప్‌లలోనే డేటా దాచే డ్రైవ్‌లు) పెద్ద సైజు మోడళ్లు ఉన్నట్టుండి డేటా పోగొడుతున్నాయని, కంప్యూటర్‌కు కనబడకుండా పోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. అప్పటి మాతృసంస్థ వెస్ట్రన్ డిజిటల్ ఫర్మ్‌వేర్‌కు, అంటే డ్రైవ్‌ను లోపలి నుంచి నడిపించే ప్రోగ్రాంకు, అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది, అమెరికాలో కేసులు కూడా పడ్డాయి. ఇంకా వెనక్కి వెళితే 1990లలో ఐయోమెగా జిప్ డ్రైవ్ ఉండేది. ఫ్లాపీలో 1.44 ఎంబీ పట్టే రోజుల్లో 100 ఎంబీ పట్టే డిస్క్ అది. టిక్కు టిక్కుమని కొట్టుకుంటూ చచ్చిపోయేది కాబట్టి దానికి 'క్లిక్ ఆఫ్ డెత్' అన్న పేరు స్థిరపడిపోయింది. మంచి కంపెనీ సరుకులో కూడా చెడ్డ బ్యాచ్ ఉంటుంది. పేరు చూసి కొనండి గానీ, పేరు చూసి పరీక్ష మానేయకండి.

కొనేటప్పుడు

వరంగల్, హన్మకొండలో కొన్నా, రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా జీఎస్టీ నంబరు ఉన్న బిల్లు, దాని మీద సీరియల్ నంబరు ఉండాలి. "ఏం గాదన్నా, కంపెనీ మాల్, ఏమన్నా అయితే నేనున్న" అని షాపాయన అంటే నవ్వి బిల్లే అడగండి. ఆయన మంచివాడే కావచ్చు, కానీ వారంటీ ఇచ్చేది ఆయన కాదు. డబ్బా మీది సీరియల్ నంబరు, డ్రైవ్ మీది నంబరు ఒకటేనా అని కౌంటర్ దగ్గరే చూసుకోండి. చాలా కంపెనీల సైట్లలో ఆ నంబరు కొట్టగానే వారంటీ ఎప్పటిదాకా ఉందో చూపిస్తుంది. నంబరు దొరకలేదన్నా, వారంటీ ఎప్పుడో మొదలైపోయిందన్నా అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయడం మేలు.

ఆన్‌లైన్‌లో ధర చూసి మోసపోయేవాళ్లు ఇంకా ఉన్నారు. మామూలు పెన్‌డ్రైవ్ ధరకు 16 టీబీ ఎస్‌ఎస్‌డీ రాదు. ఆఫర్ కాదు, దీపావళి సేల్ కాదు, ఆ ధరకు అలాంటి వస్తువే లేదు. ఇలాంటి వాటిని విప్పి చూసినవాళ్లకు లోపల దొరికేది ఒక చిన్న మెమరీ కార్డు, దాన్ని యూఎస్‌బీకి కలిపే చిన్న బోర్డు, అంతే. బరువుగా అనిపించడానికి ఇనుప ముక్క అతికించినవి కూడా ఉన్నాయి.

కొరియర్‌లో వస్తే డబ్బా తెరిచేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. సొట్ట, నొక్కు ఉంటే ముందు దాని ఫోటో తీయండి. హార్డ్‌డిస్క్‌లో తిరిగే పళ్లాలు ఉంటాయి, దారిలో గట్టిగా పడిందంటే పైకి ఏమీ కనబడకపోయినా లోపల దెబ్బ తగిలి ఉండవచ్చు.

చూపించే సైజు, ఉండే సైజు

కొత్త డ్రైవ్ పెట్టగానే చాలామందికి వచ్చే మొదటి డౌటు: 64 జీబీ అని కొంటే 59.6 చూపిస్తోంది, మోసమా? కాదు. కంపెనీ లెక్కలో ఒక జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ మాత్రం 1024తో గుణించుకుంటూ వచ్చిన లెక్కలో చూపిస్తుంది. అందుకే 128 జీబీది 119గా, 1 టీబీది 931 జీబీగా, 2 టీబీది దాదాపు 1863 జీబీగా కనబడతాయి. ఇంతవరకు టెన్షన్ అక్కర్లేదు.

అసలు మోసం ఇంకో రకం. డూప్లికేట్ పెన్‌డ్రైవ్‌లో ఉన్న చిప్ 16 జీబీదే. దాన్ని నడిపించే కంట్రోలర్‌లో మాత్రం 512 జీబీ అని అబద్ధం రాసి ఉంటుంది. కంప్యూటర్ అడిగితే 512 అనే చెబుతుంది, మీరు ప్రాపర్టీస్‌లో చూసినా అదే చూపిస్తుంది. మొదటి 16 జీబీ నిండేదాకా అన్నీ సరిగ్గానే పనిచేస్తాయి. ఆ తర్వాత రాసింది గాల్లో కలిసిపోతుంది, లేదా ముందు రాసిన దాని మీదే పడుతుంది. ఫైళ్ల పేర్ల పట్టిక డ్రైవ్ మొదట్లోనే ఉంటుంది కాబట్టి ఫోల్డర్లు, పేర్లు, సైజులు అన్నీ కనబడుతూనే ఉంటాయి. హాజరు పట్టీలో పేర్లుండి క్లాసులో పిల్లలు లేనట్టు, తెరిస్తే ఫోటో తెరుచుకోదు. నాలుగు ఫోటోలు ఎక్కించి, తెరిచి చూసి, బాగానే ఉందనుకుంటే ఈ మోసం ఎప్పటికీ దొరకదు. డ్రైవ్ నిండాలి, అప్పుడే బయటపడుతుంది.

నింపి చూడడం

ఈ ఒక్క పని చేస్తే ఈ గైడ్‌లో సగం చేసినట్టే. కాబట్టి నిదానంగా చెబుతాను.

డ్రైవ్ ఖాళీగా ఉండాలి. మీ ఫోటోలు, ఆధార్, బ్యాంకు కాగితాలు ఏవీ ఇంకా అందులో పెట్టకండి. కారణం ఉంది. పరీక్షలో ఫెయిలైన డ్రైవ్‌ను తిరిగి ఇవ్వాలి, ఒక్కోసారి అది డిలీట్ కూడా చేయనివ్వని స్థితిలో ఉంటుంది. మీ ఇంటి ఫోటోలతో సహా దాన్ని షాపు చేతిలో పెట్టాల్సి వస్తుంది.

విండోస్‌లో దీనికి పాతదీ నమ్మదగినదీ హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం. జర్మనీలోని సీటీ అనే కంప్యూటర్ పత్రిక వాళ్లు చేసింది. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. తెరిచాక భాషను ఇంగ్లీషుకు మార్చండి, 'సెలెక్ట్ టార్గెట్' నొక్కి మీ కొత్త డ్రైవ్ అక్షరాన్ని ఎంచుకోండి. ఇక్కడ ఒకటికి రెండుసార్లు చూసుకోండి, తొందరపడి డీ డ్రైవ్ ఎంచుకుంటే దాన్ని నింపేస్తుంది. 'ఆల్ అవైలబుల్ స్పేస్' పెట్టి, 'రైట్ ప్లస్ వెరిఫై' నొక్కి వదిలేయండి. అది ఒక్కో జీబీ ఫైళ్లతో డ్రైవ్‌ను అంచు దాకా నింపుతుంది, తర్వాత మొదటి నుంచి చదువుతూ రాసిందే వస్తోందా అని పోల్చి చూస్తుంది. చివర్లో ఎర్రర్లు లేవని వస్తే పాస్. డ్రైవ్ పాడై ఉండవచ్చని చెప్పి, ఇంత బాగుంది, ఇంత పోయింది అని లెక్క చూపిస్తే ఇక బేరం లేదు, తిరిగి ఇచ్చేయాల్సిందే. అందులో బాగున్న భాగాన్నైనా వాడుకుందామని ఆశపడకండి.

లైనక్స్, మ్యాక్ వాడేవాళ్లకు ఇదే పని చేసే ఎఫ్3 ఉంది. ఎఫ్3రైట్‌తో నింపడం, ఎఫ్3రీడ్‌తో చదవడం. టైం లేదు, షాపులోనే నిలబడి చూడాలంటే వాలిడ్రైవ్ అనే విండోస్ ప్రోగ్రాం 576 చోట్ల చుక్కలు పెట్టినట్టు రాసి చదివి, సైజు అబద్ధమా కాదా అని కొద్ది నిమిషాల్లోనే చెబుతుంది. అది సైజు మోసం పట్టడానికి చాలు, లోపం పట్టడానికి చాలదు. షాపులో వాలిడ్రైవ్, ఇంటికొచ్చాక పూర్తి పరీక్ష.

ఎంతసేపు పడుతుంది? సెకనుకు 20 ఎంబీ రాసే మామూలు 64 జీబీ పెన్‌డ్రైవ్‌కు నింపడానికే గంట దాకా అవుతుంది. 1 టీబీ హార్డ్‌డిస్క్ యూఎస్‌బీ 3 పోర్టులో సెకనుకు 100 ఎంబీ చొప్పున నడిస్తే నింపడం, చదవడం కలిపి ఆరు గంటల దాకా. అదే డిస్క్‌ను పాత యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే పదహారు గంటలు కూర్చోవాలి. లోపల నీలం రంగు ఉన్న పోర్టు సాధారణంగా యూఎస్‌బీ 3. డెస్క్‌టాప్ అయితే ముందు వైపు కాకుండా వెనక, మదర్‌బోర్డుకు నేరుగా ఉన్న పోర్టు వాడండి. లాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి, స్లీప్ ఆఫ్ చేసి, రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టండి. కరెంటు పోయే ఏరియా అయితే యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఈ పని పెట్టుకోవద్దు.

వేగం పడిపోతే భయపడకండి. చాలా పెన్‌డ్రైవ్‌లు, చవక ఎస్‌ఎస్‌డీలు మొదటి కొన్ని జీబీలు జోరుగా రాసి, తర్వాత నత్తనడకకు దిగుతాయి. డబ్బా మీద రాసిన 'సెకనుకు 150 ఎంబీ' సాధారణంగా చదివే వేగం, రాసేది కాదు. వేడెక్కడం కూడా మామూలే, చెయ్యి పెట్టలేనంత అయితే మాత్రం అనుమానించండి. మధ్యలో దానంతట అదే డిస్‌కనెక్ట్ అయి, మళ్లీ కనెక్ట్ అయినట్టు టింగ్ టింగ్ శబ్దాలు వస్తుంటే ముందు కేబుల్ మార్చి, ఇంకో కంప్యూటర్‌లో చూడండి. అక్కడా అదే అయితే డ్రైవే కారణం.

పరీక్ష పాసయ్యాక డ్రైవ్‌ను తీసి, ఒక రోజు పక్కన పెట్టి, మళ్లీ పెట్టి, ఆ ఫైళ్లను డిలీట్ చేయకుండానే 'వెరిఫై' ఒక్కటి నొక్కండి. అప్పుడు కంప్యూటర్ తన జ్ఞాపకంలోంచి కాకుండా డ్రైవ్ లోంచే చదివి చెబుతుంది. కరెంటు లేకుండా ఒక రాత్రి ఉంటే మరిచిపోయే చిప్‌లు ఇక్కడ దొరికిపోతాయి.

హార్డ్‌డిస్క్ అయితే ఇంకొంచెం

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం హార్డ్‌డిస్క్ తన గురించి తాను రాసుకునే ఆరోగ్య చిట్టాను చూపిస్తుంది. నింపే పరీక్షకు ముందు ఒక స్క్రీన్‌షాట్, తర్వాత ఒకటి తీయండి. చూడాల్సినవి మూడే: 05, సీ5, సీ6. పాడైన చోటును పక్కన పెట్టి వేరే చోట రాసిన లెక్క 05. చదవలేక పెండింగ్‌లో పెట్టిన చోట్లు సీ5. ఏం చేసినా సరిచేయలేనివి సీ6. కొత్త డిస్క్‌లో మూడూ సున్నా ఉండాలి. 'రా వాల్యూస్' అన్న గడిలో ఒక్కటైనా పెరిగితే, పైన 'గుడ్' అని నీలంగా రాసి ఉన్నా నేనైతే తిరిగి ఇచ్చేస్తాను. పాత డిస్క్‌లో రెండు మూడు ఉంటే చూసీ చూడనట్టు వాడుకోవచ్చు, డబ్బు పెట్టి కొన్న మొదటి రోజే ఎందుకు? సీ7 పెరుగుతుంటే మాత్రం అది ఎక్కువసార్లు కేబుల్ గొడవ. 'పవర్ ఆన్ అవర్స్' కూడా చూడండి, కొత్తదని అమ్మిన డిస్క్ వేల గంటలు నడిచి ఉంటే అది ఎక్కడి నుంచో పీకి డబ్బా మార్చిన సరుకు. కొన్ని డిస్కుల ఆరోగ్య చిట్టా యూఎస్‌బీ మీదుగా రాదు, పెన్‌డ్రైవ్‌లకైతే సాధారణంగా ఉండనే ఉండదు.

డిస్క్ తిరుగుతున్నప్పుడు కదిలించకండి. నిలబెట్టి, అది పక్కకు పడితే ఆ దెబ్బకే పోవచ్చు, టేబుల్ మీద పడుకోబెట్టండి. ఒకే తీరుగా టిక్కు టిక్కుమంటూ కంప్యూటర్‌కు కనబడకుండా ఉంటే ఇంకోసారి ప్రయత్నించడం కూడా వద్దు.

ఏ ఫార్మాట్ కొట్టాలి

ఫార్మాట్ అంటే డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చుకునే పద్ధతి. బతుకమ్మకు మైక్ సెట్టులో, కారులో, పాత టీవీలో పాటలు పెట్టే చిన్న పెన్‌డ్రైవ్‌కు ఫ్యాట్32. అందులో 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ పట్టదు, కాబట్టి పెళ్లి వీడియోకు పనికిరాదు. విండోస్, మ్యాక్, కొత్త టీవీ అన్నింటికీ తిరిగే డ్రైవ్‌కు ఎక్స్‌ఫ్యాట్. విండోస్‌లోనే వాడే హార్డ్‌డిస్క్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టండి. కాపీ మధ్యలో కరెంటు పోయినా, కేబుల్ లాగేసినా ఎన్‌టీఎఫ్‌ఎస్ కొంత తట్టుకుని లేస్తుంది, ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ ఓపిక తక్కువ. ఫార్మాట్ కొట్టేటప్పుడు హార్డ్‌డిస్క్‌కు 'క్విక్ ఫార్మాట్' టిక్కు తీసేస్తే మొత్తం డిస్క్ మీద రాసి పాడైన చోట్లను వెతుకుతుంది. నింపే పరీక్ష చేసినవాళ్లకు ఇది అక్కర్లేదు.

మొదటి నెల

పరీక్ష పాసైన డ్రైవ్‌కు కూడా నెల రోజుల పాటు ఒరిజినల్ ఇవ్వకండి, కాపీ మాత్రమే ఇవ్వండి. లాప్‌టాప్‌లో చోటు లేదని కట్ చేసి పేస్ట్ చేసే అలవాటు ఉంటే మానుకోండి. కాపీ చేసి, చూసుకుని, తర్వాత డిలీట్ చేయండి. టెరాకాపీ అనే కాపీ ప్రోగ్రాం వాడితే కాపీ అయ్యాక రెండు వైపులా పోల్చి చూసే వెరిఫై ఆప్షన్ ఉంటుంది, స్టూడియో వాళ్లకు అది తప్పనిసరి అంటాను.

స్టూడియో వాళ్ల సంగతి ఇంకొంచెం చెప్పాలి. పెళ్లి మళ్లీ జరగదు. కెమెరా కార్డు రెండు వేర్వేరు డిస్కుల్లోకి దిగి, రెండింటినీ తెరిచి చూసేదాకా కార్డు ఫార్మాట్ కొట్టకూడదు. ఒకే రోజు రెండు ముహూర్తాలున్నప్పుడు ఇది కష్టం, తెలుసు, దానికి మందు ఇంకో రెండు కార్డులు కొనడమే. ఆ రెండు డిస్కులు ఒకే కంపెనీ, ఒకే రోజు కొన్నవి కాకుండా చూసుకోండి, చెడ్డ బ్యాచ్ అయితే రెండూ కలిసే పోతాయి. మేడారం జాతర లాంటి చోట షూటింగ్ ఉంటే ఆ దుమ్ములో కార్డులు విడిగా జేబులో వేసుకోకండి, మూత ఉన్న ప్లాస్టిక్ కేసు ఉండాలి. కస్టమర్‌కు పెన్‌డ్రైవ్ ఇచ్చేటప్పుడు ఇంట్లో ఇంకో చోట కాపీ పెట్టుకోమని నోటితో చెప్పండి, కవర్ మీద రాసినా మంచిదే.

మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే ఊళ్లో. ఫోటోగ్రాఫర్లలో బాగా చెలామణిలో ఉన్న లెక్క ఇది. వేరే ఊళ్లో ఎందుకంటారా? 2023 జూలై చివర్లో వరంగల్, హన్మకొండలో హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఒకే బీరువాలో ఉన్న రెండు హార్డ్‌డిస్కులకు ఆ నీళ్లు వేర్వేరుగా రావు. ఒకటి పరకాలలోనో జనగామలోనో అక్క వాళ్లింట్లో ఉంచండి, పండక్కి వెళ్లినప్పుడు మార్చుకోండి.

ఎండ సంగతి కూడా మరవద్దు. మేలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన డ్రైవ్ ఎంత వేడెక్కుతుందో చెప్పక్కర్లేదు. ఎస్‌ఎస్‌డీ, పెన్‌డ్రైవ్‌లలో డేటా విద్యుత్ చార్జీ రూపంలో ఉంటుంది, అది మెల్లగా కారిపోతుంది, వేడిలో ఇంకా తొందరగా. ఇళ్లలో వాడే ఎస్‌ఎస్‌డీకి జెడెక్ (మెమరీ చిప్‌లకు ప్రమాణాలు పెట్టే సంస్థ) పెట్టిన ప్రమాణం ఏమంటే, రాసే ఆయుష్షంతా వాడేశాక కూడా 30 డిగ్రీల దగ్గర, కరెంటు లేకుండా, ఒక ఏడాది డేటా నిలవాలి. మన ఎండాకాలంలో గది 30 దగ్గర ఆగదు. కొత్తదానికి ఇంత భయం లేదు గానీ, ఫోటోలు పెట్టి ఐదేళ్లు బీరువాలో మరిచిపోయేందుకు పెన్‌డ్రైవ్ సరైనది కాదు. ఆ పనికి హార్డ్‌డిస్క్ మేలు. ఏదైనా సరే ఏడాదికోసారి బయటికి తీసి తెరిచి చూడండి.

విండోస్ 10లో 2018 చివరి అప్‌డేట్ నుంచి డ్రైవ్‌ను ఎజెక్ట్ కొట్టకుండా తీసినా చెడిపోకుండా 'క్విక్ రిమూవల్' పద్ధతి పెట్టారు. అయినా ఎజెక్ట్ కొట్టండి. కాపీ నిజంగా అయిపోయిందో లేదో కంప్యూటర్ మీకు చెప్పేది అప్పుడే. జిరాక్స్ సెంటర్‌కు, మీసేవకు తీసుకెళ్లే పెన్‌డ్రైవ్ వేరుగా, చిన్నది, ఏమీ లేనిది ఉంచుకోండి. రోజూ నలుగురి డ్రైవ్‌లు పెట్టే కంప్యూటర్లలో వైరస్ ఉండడానికే అవకాశం ఎక్కువ.

ఫెయిలైతే

పరీక్షలోనే ఫెయిలైతే స్క్రీన్‌షాట్, బిల్లు, డబ్బా పట్టుకుని అదే రోజు వెళ్లండి. రిటర్న్ గడువు చిన్నది, అందుకే పరీక్షను వచ్చే ఆదివారానికి వాయిదా వేయొద్దంటున్నాను. గడువు దాటితే షాపు కాదు, కంపెనీ సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాలి. వారంటీలో వాళ్లు ఇంకో డ్రైవ్ ఇస్తారు, డేటా ఇవ్వరు. వారంటీ కార్డు మీద చిన్న అక్షరాల్లో అది రాసే ఉంటుంది.

ఈలోపే డేటా పెట్టేసి, డ్రైవ్ 'ఫార్మాట్ చేయమంటారా' అని అడుగుతుంటే చేయకండి. విండోస్‌లో డ్రైవ్ తప్పులను సరిచేసే చెక్‌డిస్క్ కూడా నడపకండి. పెన్‌డ్రైవ్, కార్డు అయితే అందులో కొత్తగా ఏమీ రాయకుండా, ఫోటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాంతో దొరికినవి వేరే డ్రైవ్‌లోకి దింపుకోవచ్చు. చప్పుడు చేస్తున్న హార్డ్‌డిస్క్ అయితే వెంటనే తీసేసి, డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి. మూత విప్పి చూస్తానన్నవాళ్ల చేతికి ఇవ్వకండి, దుమ్ము లేని ప్రత్యేక గది లేకుండా విప్పితే అక్కడితో సరి.

షాపు, కంపెనీ రెండూ చేతులెత్తేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక, అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. బిల్లు, డబ్బా తెరిచిన వీడియో, పరీక్ష స్క్రీన్‌షాట్లు అప్పుడు పనికొస్తాయి. అందుకే కొన్న రోజే వాటన్నింటినీ మెయిల్‌లో మీకు మీరే పంపి పెట్టుకోండి, ఆ కొత్త డ్రైవ్‌లో మాత్రం దాచకండి.